బేరింగులో తడి

కంచెలాయన ఇంజన్‌ని వంటింటి బల్ల మీద పెట్టుకున్నాడు. భార్య ఉన్న రోజుల్లో ఆ పని కల్లో కూడా చేసేవాడు కాదు. భోజనం చేసే చోట గ్రీజు మరక కనబడితే ఆవిడ ఇల్లు పీకి పందిరి వేసేది. ఇప్పుడు బల్లకి ఒక మూల కంచం, మిగతా అంతా ఇంజనే. అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేకపోవడం సుఖమేనని మొదట్లో అనుకున్నాడు.

ఊళ్ళో పొలాలకీ బీళ్ళకీ కంచెలు వేసేది అతనే గనక ఆ పేరు స్థిరపడింది. రాటలూ తీగచుట్టలూ గట్ల మీదికి మోసేది నాలుగు లావు చక్రాల బండి, ఏటీవీ. టూ స్ట్రోక్ బండి. దానికి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. ఉత్త పెట్రోలు పోస్తే లోపల తడి లేక పిస్టన్ పట్టేస్తుంది. రెండేళ్ళ కిందట పట్టేసింది కూడా. ఆ రోజు బండి తీసుకెళ్ళింది భార్య తమ్ముడు, కలప కోతమిల్లులో పనిచేసే బావమరిది. పెట్రోలు పోసిందీ అతనే.

మిల్లు వాకిట్లో పదిమంది ముందు కంచెలాయన నిలదీశాడు. నూనె కలిపే పోశాను బావా అని బావమరిది ఒకటికి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. కంచెలాయన ముక్తసరి మనిషి, ఆ రోజు మాత్రం నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. నీ చేతికి బండి ఇవ్వడమంటే కొరివితో తల గోక్కోవడమేనన్నాడు. బావమరిది ఊరుకుంటే, తప్పు చేసినవాడే అలా ఊరుకుంటాడన్నాడు. అక్క పోయాక కూడా ప్రతి ఆదివారం వచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఏం బావా ఇంకా బతికే ఉన్నావా అని వేళాకోళం మొదలుపెట్టే మనిషి, ఆ తర్వాత గుమ్మం తొక్కలేదు. అతను తప్ప ఆ ఇంటికి వచ్చేవాళ్ళెవరూ లేరు.

బండి పాకలో పడి ఉంది. కంచెలాయన రాటల్ని భుజాన మోసుకున్నాడు. ఈ ఏడు నడుము ఇక నా వల్ల కాదంది. అందుకని ఇంజన్ విప్పాడు.

హెడ్డు తేలిగ్గానే వచ్చింది. సిలిండరు రానంది. చెక్కదిమ్మ అడ్డం పెట్టి, సుత్తితో మెల్లగా చుట్టూ తట్టి తట్టి ఊడదీశాడు. పిస్టన్‌కి ఒక పక్క నిలువునా గీతలు, పిల్లి రక్కినట్టు. అనుకున్నదే. ఇంకా ఏం చూడాలి? తనలో తనే తలాడించుకుని, పిస్టన్ పిన్ను తోసి, లోపలి చిన్న బేరింగుని అరచేతిలో వేసుకున్నాడు.

చేతికి నూనె అంటింది.

గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. సూదుల్లాంటి ఆ ఊచలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నూనె లేక మాడిన బేరింగు నీలం తిరుగుతుంది, గరగరలాడుతుంది. ఇది నీలమూ కాదు, గరగరా లేదు. ఇంజన్ అడుగున వేలు పెట్టి దేవాడు. పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయింది. నూనె అలాగే ఉంది.

ఆ పూట వంట చేసుకోలేదు. ఒక్కొక్క ముక్కా తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. కార్బురేటర్‌ని సిలిండరుతో కలిపే రబ్బరు గొట్టానికి, క్లిప్పు కింద, వెంట్రుకంత పగులు దొరికింది. వంచితే నోరు తెరిచింది. అక్కణ్ణుంచి గాలి ఎక్కువగా లాగి, ఇంజన్ వేడెక్కి పట్టేసింది. పాత రబ్బరు పగిలింది, ఎవరి తప్పూ కాదు. నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఇది తేలేసరికి వినవలసినవాడు రావడం మానేశాడు.

లేతు షాపులో సిలిండరు లోపలి గీతలు పోయేలా బోరింగు చేయించి, దానికి తగ్గ కొత్త పిస్టన్, రింగులు తీసుకున్నాడు. లేతు మేస్త్రీ సిలిండరు చేతికిస్తూ, ఈసారి మాత్రం బామ్మర్దికి తాళం ఇవ్వకయ్యా అని నవ్వాడు. వాడు నూనె పోశాడు, అని ఒక్కమాట అని కంచెలాయన బయటికొచ్చాడు. ఇంటివైపు తిరగకుండా, సిలిండరు చంకలో పెట్టుకుని మిల్లుకి నడిచాడు. పదిమంది ముందు అన్న మాటని పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలని ఉంది. తీరా వెళితే భోజనాల వేళ. రంపం ఆగి ఉంది. బావమరిది ఒక్కడే, కనుబొమల నిండా పొట్టుతో, పలకలు పేరుస్తున్నాడు.

"బేరింగులో నూనె ఉందిరా," అన్నాడు కంచెలాయన. "నువ్వు పోశావు. గొట్టం పగిలింది. అంతే. నేనే నోరు పారేసుకున్నాను."

బావమరిది చేతి తొడుగులు విప్పి, పొట్టు దులిపి, మళ్ళీ తొడుక్కున్నాడు.

"పోశానా?" అన్నాడు చివరికి. "ఏమో బావా. నువ్వంత గట్టిగా అనేసరికి పొయ్యలేదేమోనని నాకే అనిపించేసింది. నూనె డబ్బా మూత తిప్పినట్టు గుర్తు తెచ్చుకుందామని చూసేవాణ్ణి. వచ్చేది కాదు. కొన్నాళ్ళకి చూడ్డం మానేశాను."

కంచెలాయన చంకలో సిలిండరు సర్దుకున్నాడు. ఆదివారం ఇది ఎక్కిద్దామనుకుంటున్నానని, పిస్టన్ చుట్టూ రింగులు నొక్కి పట్టి సిలిండరు దించడానికి ఒక్కడి చేతులు చాలవని, బావమరిది మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"చాలతాయి బావా. సన్నతీగ తీసుకుని రింగుల చుట్టూ బిగించి కట్టు. సిలిండరు దిగేకొద్దీ తీగ కిందికి జారుతుంది. తర్వాత కత్తిరించెయ్."

కోపంగా అనలేదు. కొత్తమనిషి దారి అడిగితే చెప్పినట్టు, విడమరిచి, మర్యాదగా చెప్పాడు. ఆ మీద మరో పలక అందుకున్నాడు.

ఆదివారం పొద్దున్నుంచీ వీధి తలుపు తీసే ఉంచాడు కంచెలాయన. బల్ల తుడిచాడు. రెండో కుర్చీ మీది సామాను తీసి కింద పెట్టాడు. మధ్యాహ్నం తిరిగాక తలుపు దగ్గరగా వేసి, తీగ అందుకున్నాడు. రింగు కొసలు పిస్టన్ మీది బుడిపెకి అటూ ఇటూ వచ్చేలా సర్ది, తీగ చుట్టి, సిలిండరు పైనుంచి దించాడు. మొరాయిస్తుందనీ, ఇంకొకరు వచ్చి పట్టుకుంటే తప్ప దిగదనీ లోపల ఎక్కడో ఆశ ఉంది.

ఎక్కడా తట్టుకోకుండా మొదటిసారికే జారి కూర్చుంది. ఒక్కడి చేతులే సరిపోయాయి.