సగం దిగిన పాఠాలు

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష దగ్గరపడింది. ఖమ్మంలో కోచింగ్‌కు వెళ్లే దారి పుష్పలతకు లేదు. అక్కడి మాస్టారొకరు లెక్కల పాఠాలన్నీ నెట్‌లో పెట్టారని విని, సీడీలో వేయించుకుంటే బడి కంప్యూటర్‌లో చదువుకోవచ్చని తల్లి కొండమ్మను వెంటబెట్టుకుని పాల్వంచ నెట్ సెంటర్‌కు వచ్చింది.

ఫైలు చూస్తే పెద్దది. ఫోన్ లైను చూస్తే మాటిమాటికీ తెగుతోంది.

"తెగినా ఫికర్ లేదు చెల్లె. కొత్త సాఫ్ట్‌వేర్ ఏసిన. ఆగిన కాడికెల్లే మళ్లా అందుకుంటది," అన్నాడు సెంటర్ నడిపే చిరంజీవి.

కొండమ్మ కళ్లు చిన్నవయ్యాయి. ఆమె కూలికి పోయే తునికాకు కల్లంలో బీడీ ఆకు కట్టలు లెక్కపెడుతుండగా వాన వస్తే, తగ్గాక మళ్లీ మొదటి కట్ట నుంచే లెక్క. ఆగిన చోటు నుంచి ఎత్తుకుంటానన్న గుమస్తాను అక్కడ ఎవరూ నమ్మరు.

"ఏడ ఆగిందో దానికెట్ల ఎరుక? నడుమ నాలుగు పేజీలు మింగితే?"

"మింగనీకి అదేమన్న మేకనా పెద్దమ్మా? చూడు."

ఒక పాట దిగుతుండగా సగంలో ఫోన్ తీగ పీకి, మళ్లీ గుచ్చాడు. మిగతా సగం దిగింది. పెట్టి వినిపిస్తే పాట ఎక్కడా తడబడలేదు.

పుష్పలత తల్లి చెవిలో ఏదో గొణిగింది.

"ఆ పాట నీ కాడ ముందుగాల్నే ఉందేమో అంటాంది పిల్ల," అంది కొండమ్మ గట్టిగా. పుష్పలతకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చిరంజీవి నవ్వి పక్కకు జరిగాడు. "అయితే నువ్వే ఏరుకో చెల్లె. తీగ గూడ నువ్వే పీకు."

ఎవరూ అడగని హరికథ ఒకటి పుష్పలత ఏరి, తనే తీగ పీకి, తనే గుచ్చింది. దిగాక స్పీకర్‌కు చెవి ఆనించి వింది. దాసుగారి గొంతు మాట మధ్యలో కూడా తెగలేదు. అప్పుడుగానీ పాఠాలు పెట్టనివ్వలేదు.

ముప్పాతిక దిగాక లైను పోయింది. బయట వాళ్ల ఊరి ఆఖరి బస్సు హారన్ కొడుతోంది.

"అది తీసేసి మొదటికెల్లి పెట్టు," అంది కొండమ్మ.

"తీసేస్తే ఇయ్యాల కాదు పెద్దమ్మా."

"తియ్యకు అన్నా!" పుష్పలత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అందుకోనీ."

లైను కలిసింది. మిగతాది దిగింది. ముప్పాతిక దగ్గరి పేజీలు తెరిచి చూసింది. అతుకు కనబడలేదు.

"దొంగ అతుకు అసలు కనబడనే కనబడదు," అంది కొండమ్మ.

నిజమే అనిపించింది పుష్పలతకు. సరిగ్గా అక్కడే ఒక పేజీలో మొదలై తర్వాతి పేజీలో ముగిసే లెక్క పట్టుకుని అరచేతి మీద పెన్నుతో చేయసాగింది. కొండమ్మ బయటికి పరుగెత్తి బస్సుకు అడ్డం నిలబడింది.

"జర ఆగు డ్రైవరన్నా, పిల్ల లెక్క చేస్తాంది!"

పాఠంలో ఇచ్చిన జవాబుతో సరిపోయింది. పుష్పలత అరచేయి పావడాకు తుడుచుకుంది.

"సీడీల ఎక్కియ్యన్నా, జల్దీ."