కర్త లేని వాక్యం

"నువ్వు ఉద్యోగం మానేస్తే బాగుంటుందని ఇంట్లో అనుకుంటున్నారు," అన్నాడు భర్త, షూ లేసు కట్టుకుంటూ.

ఆమె తన నల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. టీవీలో చేతులు స్పష్టంగా కనపడాలంటే వెనక ముదురు రంగు ఉండాలి, పూలూ చుక్కలూ పనికిరావు. సమాచార కార్యాలయంలో అధికారులు ప్రకటనలు చదువుతుంటే, తెర మూలన చిన్న చదరంలో నిలబడి, వినపడనివాళ్లకు సైగల భాషలో చెప్పడం ఆమె పని.

"ఎవరు అనుకుంటున్నారు?"

"అందరూ."

"అందరూ అంటే? మీరా, అత్తయ్యా?"

"అబ్బ, ప్రతిదానికీ అనుమానమే నీకు. మీ ఆఫీసులో కూడా మాట అయిపోయింది. నువ్వేం కంగారు పడక్కర్లేదు."

మాట అయిపోయిందట. ఎవరు ఎవరితో మాట్లాడారో అడిగేలోపే తలుపు మూసుకుంది. ఈ ఇంట్లో పనులన్నీ ఆమే చేస్తుంది గానీ, నిర్ణయాలు మాత్రం వాటంతటవే జరిగిపోతుంటాయి. పెళ్లయ్యాక ఆమె చదువు ఆగిపోయింది. ఎండ పడే గది ఆడపడుచుది అయిపోయింది. ఆపిందెవరో, ఇచ్చిందెవరో ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. అడిగితే అనుమానపు మనిషి అన్నారు.

నిజమే, అనుమానపు మనిషే. అమ్మకు చెవులు వినపడవు. లోకం అన్న ప్రతిమాటా చిన్నప్పట్నుంచీ ఈమె చేతుల మీదుగానే అమ్మకు చేరేది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు ఈమె తల నిమిరి, "పరిస్థితి అంత ఆశాజనకంగా లేదని మీ అమ్మకి చెప్పు పాపా," అన్నాడు. ఆ మాటను చేతులతో ఎలా చెప్పాలో ఆ పిల్లకు తెలియలేదు. ఏదో చెప్పబోయింది. అమ్మ, పిల్ల భుజం పట్టుకుని కుదిపింది: ఎవరికి? ఏమవుతుంది? చివరికి పిల్ల మంచం వైపు చూపించి, నాన్న చచ్చిపోతాడని చెప్పింది. డాక్టరు నోటితో అనలేనిది ఎనిమిదేళ్ల పిల్ల చేతులతో అనాల్సి వచ్చింది. మెత్తని మాట వింటే ఆమెకు అనుమానం రావడం అప్పట్నుంచే. పెళ్లిలో అత్తగారు, "మీ అమ్మని ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమను, అందరూ చూస్తున్నారు," అన్నప్పుడు, ఆ మాట కూడా అమ్మకు చేరవేయాల్సింది తనే. హాయిగా కూర్చోమంటున్నారమ్మా, అని చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసరు ఆమెకు కాఫీ తెప్పించాడు. ఎన్నడూ లేనిది! రోజూ ముందుగా ఇచ్చే ప్రకటన, కెమెరా ముందుకు వెళ్లబోతుంటే చేతిలో పెట్టాడు.

"మానేస్తున్నావటగా అమ్మా? మీ ఆయన ఫోన్ చేశారు. ఈ ఒక్కటీ చేసిపెట్టు."

అంటే ఆయనే. ఆమె కాఫీ పక్కన పెట్టి కాగితం చదివింది. "ఎగువ జలాశయంలో నీటిమట్టాన్ని క్రమబద్ధీకరించే చర్యల్లో భాగంగా, లోతట్టు ప్రాంతాల ప్రజలు తగు జాగ్రత్తలు పాటించవలసిందిగా కోరడమైనది. ఆందోళన చెందవలసిన అవసరం లేదు."

బయట వారంగా వాన. అమ్మ ఉండేది నది పక్క వీధిలో, తనలాగే వినపడని మరికొందరు ఆడవాళ్లతో కలిసి కుట్టుపని చేసుకుంటూ.

"సార్, క్రమబద్ధీకరించడం అంటే ఏం చేస్తున్నట్టు?"

"రాసింది చెప్పు, చాలు."

"రాసినదాంట్లో ఎవరేం చేస్తున్నారో లేదు సార్. చేతులతో ఏమని చెప్పను?"

"అటూ ఇటూ తిప్పమ్మా. చూసేవాళ్లెంతమంది!"

వరండాలో, జలాశయం నుంచి వచ్చిన ఇంజనీరమ్మ కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. ఈమె నేరుగా వెళ్లి అడిగింది. ఇంజనీరమ్మ ఒకసారి ఆఫీసరు గది వైపు చూసింది.

"గేట్లు ఎత్తేశాం. చీకటి పడేసరికి దిగువ వీధుల్లోకి నీళ్లొచ్చేస్తాయి."

"మరి ఆ ముక్కే రాయొచ్చుగా మేడమ్?"

"నిన్నట్నుంచే కొంచెం కొంచెం వదలాల్సింది. ఇవాళ ఎత్తామంటే, నిన్నెందుకు ఎత్తలేదని జనం అడగరూ? నేను స్పష్టంగానే రాసిచ్చాను. తర్వాత అది ఇలా అయింది."

"ఎవరు మార్చారు?"

ఇంజనీరమ్మ మళ్లీ ఆఫీసరు గది వైపే చూసింది.

కెమెరా ముందు ఆఫీసరు జోలపాడినట్టు చదవడం మొదలుపెట్టాడు. ఆమె చేతులు లేచాయి. గేట్లు ఎత్తేశారు. నీళ్లొస్తున్నాయి. చీకటి పడకముందే ఎత్తుకు వెళ్లిపోండి. పక్కింటివాళ్లను కూడా కదిలించండి. ఆయన వాక్యం ఇంకా సగంలోనే ఉంది. ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఆయన ఆందోళన అవసరం లేదంటున్నప్పుడు ఆమె చేతులు, ఇప్పుడే, ఇప్పుడే, అంటున్నాయి. ఆ గదిలో ఒక్కరికీ ఆ భాష రాదు.

నది పక్క వీధిలో వినపడేవాళ్లు ప్రకటన విని ఛానల్ మార్చేశారు. వినపడనివాళ్లు మూటలు కట్టారు. కుట్టుపని ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి తలుపులు బాదారు, చేతులు పట్టి లాగారు, గుండెల దాకా నీళ్లొస్తాయని అరచేత్తో చూపించారు. జనం మొదట నవ్వారు. తర్వాత ఆ మొహాలు చూసి కదిలారు. కదల్లేని ఒక ముసలాయన్ని మంచంతో సహా మోసుకెళ్లారు. దీపాలు పెట్టే వేళకు నీళ్లు వచ్చాయి. ఇళ్లు మునిగాయి గానీ, లోపల మనిషి లేడు.

ఆఫీసు నుంచి పరుగున వచ్చిన ఆమెకు, గట్టు మీది బడిలో అమ్మ, బల్ల నుంచి ఊడదీసిన కుట్టుమిషను తలకాయ ఒళ్లో పెట్టుకుని కనిపించింది. అమ్మ పక్కన కూలబడ్డదో లేదో, భర్త ఫోన్.

"వీధి ఖాళీ అయిందని తెలిసి ఆఫీసరు మండిపడుతున్నాడు. లేనిపోనిది చెప్పావట కదా? పొరపాటు జరిగిందని రెండు ముక్కలు రాసిచ్చెయ్. ఎలాగూ మానేస్తున్నావు, ఇంతటితో పోతుంది."

అమ్మ ఎలా ఉందని అడగలేదు.

అమ్మ ఆమె మోచేయి తట్టింది. ఎవరు? ఏమంటున్నారు?

క్షేమమేనా అని అడుగుతున్నాడమ్మా, అని చెప్పడానికి చేతులు అలవాటుగా లేచాయి. ఆగాయి. ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఆయన అన్నది అన్నట్టుగా, ఒక్క ముక్క పోకుండా అమ్మకు చెప్పింది. అమ్మ అంతా చూసి, ఫోను వైపు గడ్డం ఎగరేసింది. నువ్వేమంటావు?

"వింటున్నావా?" అంటున్నాడాయన.

"పొరపాటేం జరగలేదండీ," అంది ఆమె. "నేనే చేశాను. రేపూ నేనే చేస్తాను."