ముప్ఫై సెకన్లు వెనక్కి

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మొగుడి చోట పెళ్ళానికి పని ఇస్తామన్నారు. కాకపోతే ముందు వీడియో పరీక్ష ప్యాసవ్వాలన్నారు. తొమ్మిదో తరగతిలోనే పుస్తకాలు కట్టిపెట్టేసిన మనిషి ఆమె. పరీక్ష అన్న మాట వినగానే వద్దనేద్దామనుకుంది. కానీ ఇంట్లో కుడిచెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకున్న మొగుడున్నాడు. రెండేళ్ళు నిండని పిల్ల ఉంది. ఈ పని దొరక్కపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

పరీక్ష గది అంటే స్టోర్‌రూమే. అట్టల కట్టలు ఒక మూలకి నెట్టి ఆరు కంప్యూటర్లు పెట్టారు. ట్రైనింగ్ మేడమ్ నిలబడే చెప్పింది.

"వీడియో నడుస్తూ నడుస్తూ ఆగి ప్రశ్న అడుగుతుంది. సరిగ్గా చెబితే ముందుకెళ్తుంది. తప్పయితే ముప్ఫై సెకన్లు వెనక్కెళ్ళి మళ్ళీ చూపిస్తుంది. ఒకే ప్రశ్న మూడుసార్లు తప్పితే లాకైపోతుంది, ఇక ఇంటికెళ్ళిపోవడమే. పైన కెమెరా ఉంది. మొహం పక్కకి తిప్పారంటే బొమ్మ ఆగిపోతుంది."

పక్క కుర్చీలో గోదాము ఊడ్చే పనికి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. "మా అత్త ఇంతేనమ్మా," అంది గొంతు తగ్గించి. "తనకి కావలసిన జవాబు నా నోట్లోంచి ఊడిపడేదాకా అడిగిందే అడిగేది. కెమెరా ఒక్కటే తక్కువ."

ఆమెకు నవ్వొచ్చింది. భయం కాస్త సడలింది. మొదటి ఆరు ప్రశ్నలూ నల్లేరు మీద బండి నడకే. జుట్టు ముడేసుకోవాలా, గాజులు తీసెయ్యాలా, మంటలొస్తే ఏ తలుపు. వేలు మౌసు మీద ఉన్నా మనసు ఇంట్లోనే ఉంది. పిల్ల ఈపాటికి లేచి ఉంటుంది. ఆయన ఒంటిచేత్తో పాలసీసా మూత ఎలా తీస్తాడు? పళ్ళతో తీస్తాడా?

ఏడో ప్రశ్నకు ముందు శబ్దం లేని బొమ్మ వచ్చింది. గోడ మీది కెమెరా తీసినది. రెండు రోలర్లు తిరుగుతున్నాయి. ఒక మనిషి అట్టలు అందిస్తున్నాడు. మొహం మసక చేశారు గానీ చొక్కా మసక చెయ్యలేదు. మోచేతి దగ్గర నీలం గుడ్డ మీద ఆకుపచ్చ దారం కుట్లు. ఇంట్లో నీలం దారం అయిపోయిన రోజున ఆమె వేసినవే.

అట్ట ఇరుక్కుంది. మనిషి వంగాడు. చెయ్యి లోపలికి వెళ్ళింది.

బొమ్మ ఆగింది. ప్రశ్న వచ్చింది. ఈ ప్రమాదానికి కారణం ఏమిటి? ఒకటి, యంత్రంలో లోపం. రెండు, కరెంటు హెచ్చుతగ్గులు. మూడు, కార్మికుడి అజాగ్రత్త.

ఆ రోలర్ల మీద ఇనుప జాలీ ఉండాలి. అట్ట ఇరుక్కున్నప్పుడల్లా మిషను ఆపి, జాలీ విప్పి, మళ్ళీ బిగించేసరికి పది నిమిషాలు పోతున్నాయని సూపర్‌వైజరే దాన్ని ఊడదీయించి గోడకి చేరవేయించాడు. ఆసుపత్రి మంచం మీద మొగుడు ఆ మాట ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఆమె ఒకటి నొక్కింది. తెర ఎర్రబడింది. బొమ్మ వెనక్కి వెళ్ళింది. పోయిన చెయ్యి మళ్ళీ వచ్చింది, అట్టలు అందించింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆమె తల తిప్పుకుంది. తెర ఆగిపోయి, సూటిగా చూడమంది.

చూసింది.

"మేడమ్, ఇందులో జాలీ అని లేదండీ."

"లేనిది నీకెందుకమ్మా? ఉన్నవాటిలో చెప్పు. నేను వీడియో పెట్టేదాన్నే గానీ తీసేదాన్ని కాదు."

రెండు నొక్కింది. అది కాదని ఆమెకు తెలుసు. మూడు మీదికి వేలు వెళ్ళలేదు, అంతే. మళ్ళీ ఎరుపు. మళ్ళీ అతను వంగాడు. ఈసారి చెయ్యి పెట్టకు, అట్ట అక్కడే పడుండనీ అనుకుంది, అతను వింటాడన్నట్టు.

ఇక ఒక్కటే మిగిలింది. ఆమె మూడు నొక్కింది. తెర పచ్చబడి, శభాష్ అంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల నేల మీద ఆడుకుంటోంది. మొగుడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ప్యాసయ్యావా?"

"అయ్యాను మావా. రేపట్నించే రమ్మన్నారు."

"ఏడో ప్రశ్నకి ఎన్నిసార్లు పట్టింది?"

చెప్పులు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"ఆ ప్రశ్న నాకు ఆసుపత్రిలోనే చూపించారు. బొమ్మ వాడుకోవచ్చని, తప్పు నాదేనని ఎడమచేతి వేలిముద్ర వేశాను. లేకపోతే నీకీ పని ఊరికే ఇస్తారా?"

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే వెళ్ళేదానివా?"

ఆమె రెండో చెప్పు విప్పి గోడవారగా పెట్టింది. "మూడోసారికి నొక్కాను," అంది.

"మొదటిసారే నొక్కెయ్యాల్సింది, పిచ్చిమొహమా. ఊరికే రెండుసార్లు ఎక్కువ చూశావు."

తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

"ఏ మిషనిచ్చారు?" అన్నాడు.

"మూడోది. నీదే."

"జాలీ బిగించారా?"

"వచ్చేటప్పుడు చూశాను. గోడకే ఉంది."

అతను లేచాడు. రెండు దుప్పట్లు చుట్టలు చుట్టి పక్కపక్కన పెట్టాడు. వాటి మధ్య పాత పేపరు దూర్చాడు. "ఇలా కూర్చో. కాగితం అంచు పట్టుకో, మధ్యలో కాదు. వంగకు, నడుము నిటారుగా ఉంచు. ఇరుక్కుంటే ఏం చేస్తావు?"

"ఎర్ర బటన్ నొక్కుతాను."

"సూపర్‌వైజరు వెనకాల నిలబడి ఆపొద్దంటాడు. ఇంకోసారి ఆపితే రేపు రావక్కర్లేదంటాడు. అప్పుడు?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

పిల్ల ఆటనుకుని పాక్కుంటూ వచ్చి చుట్టల మధ్య చెయ్యి దూర్చింది. ఆమె ఒక్క ఊపున ఆ చెయ్యి లాగేసింది. పిల్ల బెదిరిపోయి ఏడుపందుకుంది. చంకనేసుకుని వీపు నిమురుతూ, దాని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది.

"కాగితం మళ్ళీ పెట్టు," అన్నాడు అతను.