ఒక్క తలుపు వేసే శక్తి

నేను ఒక అట్టముక్కను. అరచెయ్యంత ఉంటాను. నా వీపు మీద పగిలే సామానుకి గుర్తుగా ఒక గాజు గ్లాసు బొమ్మ, పైకి చూపించే రెండు బాణాలు ఉన్నాయి. పొట్ట మీద పెన్సిలు రాత ఉంది. ఆ రాత మొదట ఎంత ఉండేదో, చివరికి ఎంతకి వచ్చిందో చెప్పడానికే నోరు విప్పుతున్నాను.

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, నాయనమ్మ ఆదెమ్మ, జంతికలు వండిపెట్టి వెళదామని వచ్చిన ఆవిడ కూతురు భ్రమరాంబ, చిన్న కొడుకు వీరరాఘవులు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు నీలవేణి. వీళ్లు కాక ఇన్సూరెన్సు ఏజెంటు జోజిబాబు. కొత్త పాలసీ గురించి రెండు ముక్కలు చెప్పి పోదామని ముందురోజు వచ్చాడు. ఈలోగా వాగు పొంగింది. అప్పటినుంచి వీరరాఘవులిచ్చిన లుంగీ కట్టుకుని అరుగు మీదొకసారి, మంచం మీదొకసారి కూర్చుంటున్నాడు. మంచం కింద గంపలో పొదుగుతున్న కోడి. నీలవేణి అమ్మా నాన్నా చీరాలలో పెళ్లికి వెళ్లి వానకి అక్కడే ఆగిపోయారు. కరెంటు లేదు.

వీధి తలుపుని కూడా ఇంట్లో మనిషిగానే లెక్కపెట్టాలి. అది ఎవరి మాటా వినదు. గడియ ఊడి చాలాకాలమైంది. వేస్తే దానంతటదే తెరుచుకుంటుంది, జల్లంతా లోపలికి కొడుతుంది.

నా పుట్టుక గొప్పది కాదు. మిక్సీ వచ్చిన పెట్టెకి నేనొక పక్క. మిక్సీని అటకెక్కించి, ఆదెమ్మ రోట్లోనే రుబ్బుకుంది. పెట్టె నీలవేణికి దక్కింది. ఒకసారి వానరోజు బడిలో కొత్త టీచరు ఒక ఆట ఆడించింది. ఒకళ్లు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక అట్ట తీసుకుని, దాని మీద రాసున్న మనిషి తామే అనుకుని, ఏం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో అనుమానం వస్తే గవ్వలు వేసి తేలుస్తారు. ఆ ఆట నీలవేణి మనసులో నుంచి పోలేదు. పెట్టెని కత్తిరించి నాలుగు అట్టలు చేసి, నలుగురు మనుషుల్ని పుట్టించింది. వాళ్లు కాచే కోట మీదకి వచ్చే, ఏడు శక్తులున్న ఒక రాకాసిని కూడా పుట్టించింది. దానికో పెద్ద అట్ట. ఒకరి శక్తి ఇంకొకరికి ఎక్కువ కాకుండా వేసవంతా తూచింది. కానీ ఎవరినీ ఆడదాం రమ్మని అడగలేదు. ఆ పిల్లకి నోరు పెగలదు. మేం బిస్కెట్ల డబ్బాలో పడి ఉన్నాం.

ఆ డబ్బా మూత తీసింది జోజిబాబు, బిస్కెట్లున్నాయేమోనని.

"ఇదేందమ్మా?" అని అడిగాడు. నీలవేణి చెప్పింది. ఆమె గొంతు మంచం కింద కోడికి కూడా వినపడలేదు. అయినా పని లేని ఇంట్లో అందరూ చుట్టూ చేరారు.

నా మీద అప్పుడు ఇలా ఉండేది: 'మేఘమాలిని. మాంత్రికురాలు. ఏది ముట్టుకుంటే అది ఆమె మాట వింటుంది.'

మొదటి ఆటలో నేను వీరరాఘవులు చేతికొచ్చాను. అతను నన్ను చదివి, వంగి నేలని ముట్టుకుని, "భూమీ, రాకాసిని మింగు" అన్నాడు. భూమి మింగింది. టీ గ్లాసులు ఇంకా పొగలు కక్కుతున్నాయి, ఆట అయిపోయింది.

"ఇదేం ఆటండీ? మేం కూర్చోను కూడా లేదు" అన్నాడు జోజిబాబు. నీలవేణి తల దించుకుని రబ్బరు తీసింది. 'ఏది' కాస్తా 'ఇంట్లో ఉండే ఏ వస్తువు' అయింది.

జోజిబాబుకి అప్పటికే ఆటలో తన వృత్తి కనిపించింది. "ఒక నియమం పెడదామండీ. అట్ట మీద రాసి ఉన్నదే చెల్లుతుంది. రాసి లేనిది ఎవరూ చెయ్యకూడదు. రాకాసికైనా అంతే" అన్నాడు. సంతకాలు కూడా అడిగేవాడే కానీ, నాయనమ్మ చూసిన చూపుకి మానుకున్నాడు.

రెండో ఆటలో అతను నన్ను తీసుకుని కోటలోని మంచాలూ, రోళ్లూ, రోకళ్లూ అన్నిటినీ ముట్టుకుని యుద్ధానికి పంపాడు. రాకాసిని రోకళ్లు చితక్కొట్టాయి. ఇప్పుడు వీరరాఘవులికి కోపం వచ్చింది. మళ్లీ రబ్బరు. 'తలుపులు మాత్రమే' అయింది.

మూడో ఆటలో నాయనమ్మ నన్ను లాక్కుంది. నిజానికి ఆవిడకని ఇంకో అట్ట ఉంది, చూపుతో ఎవరినైనా కూర్చోబెట్టగల ముసలి రాణి. "ఇది నాకు ఊరికే ఉన్నదేగా, దీనికి అట్టెందుకే?" అని దాన్ని పక్కన పడేసింది. కోటలోని తలుపులన్నీ ఒక్కసారిగా తెరిపించి మూయించి, మధ్యలో రాకాసిని, దాంతోపాటు కొడుకునీ, ఏజెంటునీ నలిపించింది.

"అమ్మా, నేను నీ వైపు మనిషిని."

"అడ్డంగా నిలబడ్డావురా మరి."

అప్పుడు జరిగిన గొడవలో వీరరాఘవులు, జోజిబాబు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. ఒకే లుంగీల జత పంచుకుంటున్నవాళ్లు మాట్లాడుకోకపోవడం ఎంత కష్టమో వాళ్లకి వెంటనే తెలిసింది.

మనుషుల్ని నేను గమనించింది ఇక్కడే. నా శక్తి పెంచు అని ఒక్కరూ అడగలేదు. అవతలివాడిది తగ్గించు అన్నారు. తగ్గిస్తే వాళ్లకేమొచ్చిందో తెలియదు కానీ ముఖాలు వెలిగాయి. నీలవేణి మాత్రం ఎవరి అట్టా ముట్టుకోలేక ప్రతిసారీ నన్నే చెరిపింది. మిగతా అట్టలకి మాట్లాడే మనుషులున్నారు. నాకు ఎవరున్నారు? మూడోసారి రుద్దాక నేను పలచబడిపోయాను. ఇప్పుడు నా మీద మిగిలింది ఇంతే: 'ఒక్క తలుపు వేయగలదు. ఒక్కసారే. తీయలేదు.'

నాయనమ్మ అట్టలన్నీ పోగుచేసి ఒళ్లో పెట్టుకుంది. "ఇంకొక్క ఆట. మళ్లీ మాటా మాటా అనుకున్నారంటే వీటన్నిటినీ నీళ్ల పొయ్యిలో పెడతా. పుల్లలు తడిసి ఎట్లాగూ అంటుకోవట్లా."

నీలవేణి ముఖం చూశాను. వేసవంతా ఆ ముఖం మా మీదే వంగి ఉంది. ఇప్పుడు అందులో నెత్తురు లేదు.

"ముగ్గురైతే ఇద్దరు ఒకటవుతున్నారు. నువ్వు కూడా కూర్చోవే భ్రమరా" అంది నాయనమ్మ. భ్రమరాంబ చేతుల నిండా జంతికల పిండి. ముగ్గురూ మంచి అట్టలు ఏరుకోగా నేను మిగిలాను. పీట మీద ఆవిడ ముందు పెట్టారు. చదవను కూడా లేదు, ఏజెంటే చదివి వినిపించాడు.

"తలుపెయ్యడమా? ఇంట్లో రోజూ ఏసేదేగా. సరే ఉంచు" అంది.

నాలుగో ఆట మొదలైంది. రాకాసి మాటలు అందరి ముందూ పలకాలంటే నీలవేణికి సిగ్గు. మూడు ఆటలకీ వసారాలోకి వెళ్లి, వీధి తలుపు చాటు నుంచే పలికింది. అక్కడైతే ఆ గొంతు మారిపోయేది. వానని మించి వినపడేది. "కోటలో వాళ్లారా, వస్తున్నా" అని ఆమె అరిస్తే, జోజిబాబు అంతటివాడు కాళ్లు మంచం మీదకి లాక్కున్నాడు.

వీరరాఘవులు అట్ట మీది మనిషి దేన్నైనా మింగగల తిండిపోతు. ఆకలేసి కోటలో ఉన్న ఒకే ఒక్క ఫిరంగిని మింగేశాడు. జోజిబాబు మనిషి ఒకసారి చచ్చి తిరిగి రాగలడు. రెండుసార్లు చచ్చాడు. నాయనమ్మ ముసలి రాణి రాకాసి వైపు ఉరిమి చూసింది. గవ్వలన్నీ బోర్లా పడ్డాయి.

"ఉరిమిచూస్తే కూర్చోని ముండ ఎవతే?" అని నాయనమ్మ గవ్వల్ని తిట్టింది.

నీలవేణి గడప అవతల వచ్చి నిలబడింది. జుట్టు తడిసి ఉంది. రాకాసి కోట వాకిట్లోకి వచ్చేసిందన్నమాట.

"ఆ ఫిరంగి మింగకపోతే ఈపాటికి గెలిచేవాళ్లమండీ" అన్నాడు జోజిబాబు గోడతో.

"చచ్చినోడు చచ్చినట్టు ఉంటే ఫిరంగి పేల్చే టైము దొరికేది" అన్నాడు వీరరాఘవులు కోడితో.

"నా గురించేనా?"

"ఇంకెవరు చచ్చారు ఇక్కడ?"

నాయనమ్మ అట్టల కోసం చెయ్యి చాపింది. తిండిపోతుని తీసుకుంది. చచ్చినవాణ్ని తీసుకుంది. గడప అవతల రాకాసి పెదవి వణకడం నేను చూశాను.

జంతికల గొట్టం పక్కన పెట్టి, భ్రమరాంబ తల ఎత్తింది.

"ఏమే కోడలా, నువ్వింకా గడప దాటలేదుగా?"

"లేదత్తా."

"అయితే తలుపేసేశా."

జోజిబాబు రాకాసి అట్ట అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. "నిప్పు కక్కుతుంది. ఎగురుతుంది. నీళ్లు ఇంకించేస్తుంది. పామవుతుంది. పర్వతమవుతుంది. ఏడుస్తూ నవ్వుతుంది. నిద్రపుచ్చుతుంది." మళ్లీ మొదటినుంచి చదివాడు. "తలుపు తీయడమనేది లేదండీ. అట్ట మీద లేదు. ఇంక రాలేదు."

"నిప్పు కక్కితే తలుపు తగలబడదా?" అన్నాడు వీరరాఘవులు.

"ఈ వానలోనా?" అంది నాయనమ్మ. "పుల్లే అంటుకోవట్లా."

వీరరాఘవులు ఈసారి ఏజెంటు వైపే తిరిగి, "న్యాయంగానే ఉందిలెండి" అన్నాడు. నాయనమ్మ చేతిలోని రెండు అట్టల్నీ తిరిగి డబ్బాలో వేసి మూత నొక్కింది.

కానీ భ్రమరాంబ పని సగంలో వదిలే మనిషి కాదు. వేశానన్నాక వెయ్యాలి. లేచి వెళ్లి వీధి తలుపుని మోచేత్తో నెట్టింది. అది ఎప్పటిలాగే మెల్లగా తెరుచుకుంది. అవతల రాకాసి నవ్వు ఆపుకుంటోంది. భ్రమరాంబ చుట్టూ చూసింది. పీట మీద నేను కనిపించాను. పిండి చేతులతో నన్ను తీసుకుని, రెండుగా మడిచి, మళ్లీ రెండుగా మడిచి, తలుపు సందులో కుక్కి, భుజంతో ఒక్క తోపు తోసింది.

"అత్తా, ఆట అయిపోయింది. తలుపు తియ్యి" అంది నీలవేణి అవతల నుంచి, రాకాసి గొంతుతో కాదు, తన గొంతుతోనే, అందరికీ వినపడేటట్టు.

"తీసే శక్తి మనలో ఎవరికీ లేదమ్మా" అన్నాడు జోజిబాబు లోపలినుంచి, అట్టలు ఇంకోసారి సరిచూసి.

నేను సందులో బిగుసుకున్నాను. ఆ తలుపు మొదటిసారి ఒకరి మాట విని, మూతపడింది.