జానెడు పెరిగిన గొడుగు

సెప్టెంబరు ఏడున పులిహోర కలపడం, ఎనిమిదిన కొండమీది మరియమ్మ గుడికి నడిచి వెళ్లడం పద్మకుమారికి ఇరవై ఏళ్ల అలవాటు. రాజాం నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ తారీఖుకి వాన ఎలాగూ తప్పదు. ఈ ఏడు ఏకంగా వాయుగుండమే పట్టింది. అయినా ఆగుదామని ఎవరూ అనలేదు. ఈ నడకలో చెప్పులూ ఉండవు, వంకలూ ఉండవు.

అటక మీంచి మామగారి నల్లగొడుగు దించింది. ఇంటి మనుషుల కోసం అది పెరుగుతుంది, మనిషికి జానెడు చొప్పున. బయటివాళ్లు దూరితే ఉన్నంతలోనే సర్దుకోవాలి. కిందటేడు నడకలో ఉన్నట్టుండి జానెడు పెరిగితే అందరూ ఆమె కోడలి వైపు చూసి నవ్వారు. వారం తర్వాత డాక్టరమ్మ కూడా కడుపేనని తేల్చింది.

పద్మకుమారి పర్సులో ఓ చీటీ ఉంది. మాత పాదాల దగ్గర పెట్టెలో ఎవరి కోరిక వాళ్లు రాసి వేస్తారు. 'మా రేఖకి మంచి ఆర్‌సీఎం సంబంధం కుదుర్చు తల్లీ' అని ఆవిడ రాసుకుంది. ఆర్‌సీఎం అంటే తమలాగే కేథలిక్కులు. కూతురేమో త్రినాథ్‌ని తప్ప చేసుకోనంటోంది. కుర్రాడు బుద్ధిమంతుడే, కానీ బాప్టిస్టు. మరియమ్మ పండగంటే వాళ్లు గుమ్మం దాటరు. "రేపు పిల్లలు పుడితే ఏ గుడికి తీసుకెళ్తావే?" అని అడిగితే రేఖ ఏడుస్తుంది.

ఆ త్రినాథే ఇవాళ డోలక్‌ని యూరియా సంచిలో చుట్టుకుని రోడ్డు అవతలి అంచున తడుస్తూ నడుస్తున్నాడు.

"నువ్వేటి, మా యాత్రలో?" అంది పద్మకుమారి.

"యాత్రకి రానేదాంటీ. రోడ్డు మీద నడస్తన్నాను."

"నడు. రోడ్డు మా సొత్తు కాదు."

చెరువుగట్టు ఎక్కేసరికి ఈదురుగాలి లేచింది. యాత్రవాళ్ల డోలక్ నానిపోయి మూగబోయింది. తాళం లేక పాట, పాట లేక నడక చతికిలబడ్డాయి. పాటలు ఎత్తే కూర్మయ్య తాత ఇక చూడలేక త్రినాథ్ చెయ్యి పట్టి గొడుగు కిందికి లాగాడు.

"రారా, నీ డోలక్ కూడా తడిసిపోతాది."

సర్దుకుందామని రేఖతో సహా అందరూ భుజాలు ముడుచుకున్నారు. అవసరం లేకపోయింది. ఊచలు కిర్రుమన్నాయి, గుడ్డ విప్పారింది. కూర్మయ్య చెయ్యి చాపి అంచు కొలిచాడు.

"జానెడు, పద్మా," అని పాట అందుకున్నాడు.

పద్మకుమారి తలెత్తి గొడుగు వంక చూసింది. మామగారు బతికున్నన్నాళ్లూ బాప్టిస్టుల ఇంట మంచినీళ్లు ముట్టని మనిషి. ఆయన గొడుగే ఒప్పుకున్నాక తను ఎవరి తరఫున పోట్లాడాలి? ఆర్నెల్లుగా గుండెమీదున్న బరువు దిగిపోయింది. సంతోషంగా ఉంది, కాస్త సిగ్గుగానూ ఉంది.

త్రినాథ్ మాత్రం నిజం చెప్పేశాడు. "మేం మరియమ్మకి మొక్కం ఆంటీ."

"నిన్ను మొక్కమన్నదెవులు? వాయించు. ఆంటీ ఏటి, అత్తా అను."

రేఖ నవ్వుతూ ఏడ్చింది. త్రినాథ్ సంచి విప్పాడు. మిగతా ఏడు కిలోమీటర్లూ ఎలా గడిచాయో ఎవరికీ తెలియలేదు.

కొండ మీద గొడుగు ముడిచినా గుడి గుమ్మంలో పట్టలేదు, అరుగు మీద ఆనించారు. పద్మకుమారి కూర్మయ్య దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. చీటీలో ఒక్క మాట కొట్టేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు పెట్టెలో వేసింది.