లేచేవాళ్ల చీర

నజీర్‌కు ఒక పాడు అలవాటుంది. నా కథ నేను చెప్పుకుంటుంటే మధ్యలో దూరి, నన్ను పక్కకు తోసి తానే కూర్చుంటాడు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడ వాడి ఆటలు సాగవు.

మొన్న మే నెల మొదట్లో నాకు సామ్యూల్ సారు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నేను నంగునూరు బడిలో పంతులుగా చేరి అప్పటికి రెండేళ్లు. "భూపతీ, ఈ ఎండాకాలం కూడా నాటకం ఉంది. ఈసారి మాత్రం కవి రాసింది రాసినట్టే ఆడిస్తాను. పాత శవాలన్నీ తప్పకుండా రావాలి. రాణికి మీ బాపమ్మ చీర కావాలి. హారతి ఈసారి అక్కరలేదని లచ్చవ్వకు నువ్వే చెప్పు, నాకు ధైర్యం చాలదు" అని రాశాడు. పోస్టుమాను దాన్ని చదివే ఉంటాడు. కార్డు నా చేతికివ్వకుండా గడప మీద పెట్టి పోయాడు.

చీర సంచిలో పెట్టుకుని సిద్దిపేట బస్సెక్కాను. బస్సులు ఆగేచోట చాయ్ హోటల్లో నజీర్ ముందే వచ్చి కూర్చున్నాడు. బజారులో అత్తరు, సుర్మా అమ్ముతాడు కాబట్టి వాణ్ని వెతకనక్కరలేదు, ముక్కే చెబుతుంది.

"ఏందిరా రాణీ, గింత నల్లగైనవ్?" అన్నాడు హోటలంతా వినేలా.

"నువ్వు విషం తాపినకాన్నుంచి గిట్లనే ఉన్న."

చాయ్ వచ్చింది. వాడు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "ఆ దినం నేను లేకుంటే సారు నౌకరి గాలికి పోతుండె" అని మొదలుపెట్టాడు. పచ్చి అబద్ధం. జరిగింది నేను చెబుతాను.

ఐదేళ్ల కిందటి మాట. యుద్ధం నడుస్తోంది. సామ్యూల్ సారు మెదక్ నుంచి మా బడికి కొత్తగా వచ్చాడు, అదీ తాత్కాలికంగా. ఎండాకాలం సెలవుల్లో ఇంగ్లీషు నాటకం నేర్పుతానన్నాడు. ఇంగ్లీషు మీద ప్రేమతో ఎవరూ పోలేదు. ఇంట్లో ఉంటే మా తాత మగ్గానికి నేను కండెలు చుట్టాలి, నజీర్ వాళ్ల నాన్న దుకాణంలో సీసాలు కడగాలి. వాటికంటే నాటకం నయం కదా అని పోయాం. పైగా సారు రోజూ గుప్పెడు పుట్నాలు పెట్టేవాడు.

ఆ నాటకం మూడు వందల ఏళ్ల కింద ఇంగ్లండులో రాసిందట. కవి పేరు మా నోళ్లలో తిరగక "సీమ కవి" అనేశాం. కొన్నాళ్లకు సారు కూడా అలాగే అనడం మొదలుపెట్టాడు. చివరి రంగంలో రాజు, రాణి, మంత్రి, సిపాయి నలుగురూ చస్తారు. ఒక్కొక్కరూ చచ్చే ముందు బారెడు మాట్లాడతారు. నేను రాణిని, నజీర్ మంత్రి, రాజనర్సు సిపాయి. రాజు వేషం మల్లయ్యది.

సారు మిగతా వాటిలో మెత్తనే గాని చావు దగ్గర మహా కటువు. "చూసేటోళ్లల్ల ఒక్కడు కూసోని ఉన్నా సరే, శవం కదలొద్దు" అని మమ్మల్ని నేల మీద పడుకోబెట్టి, ముక్కుల దగ్గర చీపురుపుల్ల ఆడించేవాడు. తుమ్మినవాడికి ఆ రోజు పుట్నాలు లేవు.

ఆయన బాధ ఆయనది. నాటకం చూడడానికి బడుల ఇన్‌స్పెక్టరు సాబు వస్తున్నాడు. సాబుకు నచ్చితే సారు నౌకరి పక్కా అవుతుంది. నచ్చకపోతే సారు పెట్టె సర్దుకోవాలి. మెదక్‌లో ఒక పాస్టరుగారు నౌకరి పక్కా అయితేనే పిల్లనిస్తానని కూర్చున్నాడు. ఈ సంగతి సారు మాకు చెప్పలేదు. ఆయన ఉత్తరాలు పోస్టులో వేసే పని నజీర్‌కు అప్పగించాడు, అంతే.

ఇక చీర సంగతి. రాణికి తగ్గ చీర మా ఇంట్లో ఒక్కటే ఉంది. మా బాపమ్మ లచ్చవ్వ కోసం తాత స్వయంగా నేసిన ఎర్ర చీర. అంచు పొడవునా గొల్లభామలు నెత్తిన కుండ, చేతిలో చల్లముంత పట్టుకుని నడుస్తుంటారు. అడిగితే ఆమె ముందు నాటకం కథ చెప్పమంది.

"ఆఖరికి నువ్వేమైతవ్?"

"చస్త."

"మల్ల ఎప్పుడు లేస్తవ్?"

"లేవ. గంతే నాటకం."

బాపమ్మ చీరను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. "చచ్చినోళ్ల ఒంటి మీది చీర మల్ల ఇంట్లకు రాదురా. భాగోతంల రాచ్చసుడు సుత ఆఖరికి లేచి నిలవడి హారతి తీసుకుంటడు. మీ ఇంగ్లీషోళ్లకు గాపాటి తెల్వదా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మా దిక్కు భాగోతంలో ఎందరు చచ్చినా, చివరకు చచ్చినవాళ్లూ చంపినవాళ్లూ వరసగా నిలబడతారు. కర్పూరం వెలిగించి మంగళం పాడతారు. అప్పటిదాకా చూసేవాళ్లు కూర్చున్నచోటు నుంచి లేవరు. ఆట అయినట్టు లెక్క అప్పుడే.

"లేస్త బాపమ్మా, ఒట్టు" అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాను. కదలనని సారు చేతిలో వేసింది కూడా ఆ చెయ్యే, ఆ పొద్దున్నే. ఏదో ఒకటి జరగకపోతుందా అనుకున్నాను. చాలానే జరిగింది.

ముందు రోజు మల్లయ్యకు అమ్మవారు పోసింది. ఇంకొకరికి నేర్పే వ్యవధి లేక రాజు వేషం సారే కట్టుకున్నాడు. యుద్ధం వల్ల దీపాలకు గ్యాసునూనె దొరకదు, పెట్రోలు కరువై బొగ్గు మీద నడిచే సాబు బస్సు చీకటి పడకముందే వెళ్లిపోవాలి. కాబట్టి ఆట సాయంత్రం నాలుగింటికి, మండే ఎండలో. బడి బెంచీలు కలిపి వేదిక కట్టాం. రెండు జంపఖానాలు కుట్టి తెర చేశాం. మూడో రంగంలో దుమ్ముగాలి లేచి ఆ తెరను గోడ అవతలికి, కోమటి చెరువు దిక్కు ఎత్తుకుపోయింది. రాజనర్సు బల్లెం పట్టుకుని దాని వెంట కొంతదూరం పరుగెత్తి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. అది కూడా నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు గాని విషం గిన్నె అందరికీ అర్థమైంది. నేను తాగబోతుంటే వెనక నుంచి ఒకామె "తాగకు బిడ్డా!" అని కేక వేసింది. తాగాను, చచ్చాను. రాజనర్సు చచ్చాడు. నజీర్ చచ్చాడు. అందరికంటే చివర సారు పది నిమిషాలు మాట్లాడి, కిరీటం కింద పడకుండా చూసుకుంటూ చచ్చాడు.

నాటకం అయిపోయింది. ఎవరూ లేవలేదు.

మంగళం కాలేదు కాబట్టి జనం లేవరు. సాబు లేవకముందు ఎవరు లేచినా బేఅదబీ, మర్యాద తప్పినట్టు. సాబేమో ఫారసీ చదువుకున్న పెద్దమనిషి, ఈ నాటకం ఎక్కడ ముగుస్తుందో ఆయనకు తెలియదు. మధ్యలో లేస్తే తెలియదన్న సంగతి బయటపడుతుందని చేతికర్ర మీద గడ్డం ఆనించి గంభీరంగా కూర్చున్నాడు. జనం కూర్చున్నంతసేపూ శవాలు కదలకూడదు. తెర దించుదామంటే తెర లేదు, దీపం ఆర్పుదామంటే నెత్తిన పట్టపగలు. హుకుం వాపసు తీసుకోవలసిన మనిషేమో నా పక్కనే కిరీటంతో చచ్చి పడున్నాడు.

ఎంతసేపు పడుకున్నామో తెలియదు. బెంచీ కాలుతోంది. నా మెడ మీద చీమ పాకుతోంది. నజీర్ తల నా కాళ్ల దగ్గరుంది. ఆ దరిద్రుడు చచ్చి కూడా ఊరుకోలేదు, వేలితో నా అరికాలు గీరడం మొదలుపెట్టాడు. నేను పళ్లు బిగబట్టి చచ్చి ఉన్నాను. బొగ్గుబస్సు ఒకసారి హారన్ కొట్టింది. కాసేపటికి మళ్లీ కొట్టింది.

అప్పుడు గాజుల చప్పుడు వినిపించింది. బాపమ్మ. కొంగున ముడేసి తెచ్చుకున్న పసుపు, కుంకుమ, కర్పూరం ఇత్తడి పళ్లెంలో సర్దుకుని వేదిక ఎక్కింది.

"భూపతీ, లెవ్వు" అంది మెల్లగా.

ఒక కన్ను కొంచెం తెరిచాను. సారు కన్ను కూడా కొంచెం తెరిచి ఉంది. ఎర్రగా, నీళ్లతో, వద్దురా అని బతిమాలుతోంది. నౌకరి, పెండ్లి, అన్నీ ఆ కంట్లోనే ఉన్నాయి. నేను గబుక్కున కన్ను మూసుకున్నాను. ఇద్దరికిచ్చిన మాటా ఒక్కసారే నిలబెట్టడమెలాగో నాకు తోచలేదు.

బాపమ్మ నాలుక కరుచుకుంది. "నాదే తప్పు. మొగడు లేవంది పెండ్లామెట్ల లేస్తది?" అనుకుంటూ నన్ను దాటి సారు దగ్గరకు పోయింది. మెదక్ చర్చిలో బాప్తిస్మం పొందిన మనిషి నొసట నిండుగా బొట్టు పెట్టింది. కర్పూరం వెలిగించి ముఖం ముందు తిప్పింది. "లేవయ్యా పంతులూ, నీకు పుణ్యముంటది. చీర ఆగమైతది."

సారు లేవలేదు. ఆమె ఇంకోసారి తిప్పింది. "గింతమంది కూసున్నరు బిడ్డా. ఇండ్లకు పోవద్దా?"

అప్పుడు లేచాడు. జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆయన వెనక నేను, నజీర్, రాజనర్సు వరసగా నిలబడ్డాం. భాగోతంలో మంగళం ఎత్తుకునేది రాజే కాబట్టి బాపమ్మ సారు వంక చూసింది. సారుకు తెలిసింది ఒక్కటే మంగళం, వాళ్ల చర్చిలో ఆరాధన చివర పాడేది. అదే ఎత్తుకున్నాడు. మంగళం ఎవరిదైనా తాళం ఒక్కటే కదా, జనం చప్పట్లు అందుకున్నారు. సర్కారు వారి క్షేమం కోసం పాడుతున్నారనుకుని సాబు లేచి నిలబడ్డాడు. సాబు లేచాడు గనక అందరూ లేచారు.

వారం తర్వాత సాబు రిపోర్టు వచ్చింది. "ముగింపు బహు బాగున్నది. ప్రతి ఏటా ఇదే ప్రకారం ఆడించవలెను" అని ఉర్దూలో రాశాడు. సారు నౌకరి పక్కా అయింది, పెండ్లి అయింది. ఇద్దరు పిల్లలు కూడా ఆ హారతి మహిమే అంటాడు నజీర్.

కాని సాబు మాట సర్కారు మాట. ఏటేటా నలుగురూ చావాలి, ఏటేటా లేవాలి. నాతో పాటు నంగునూరుకు వచ్చేశాక కూడా బాపమ్మ ఎండాకాలం రాగానే చీర, పళ్లెం పట్టుకుని బస్సెక్కేది. హారతి ముఖం ముందుకు వచ్చినప్పుడల్లా సారు కళ్లు దించుకునేవాడు. అందరూ భక్తి అనుకునేవాళ్లు. అది సిగ్గు అని నాకు తెలుసు. ఆ కవి రాసిన ప్రతి మాటా కళ్లకద్దుకునే మనిషి, ఏడాదికోసారి ఆ కవికి తన చేతులతోనే ద్రోహం చేయాల్సి వచ్చేది. బాపమ్మకు నేను వేసిన ఒట్టే దీనికంతటికీ మూలమని నాకూ లోపల గుచ్చుకునేది. ఇప్పుడు నవాబు పాలన పోయి సర్కారే మారిపోయింది, పాత సాబు వెళ్లిపోయాడు. ఒక్కసారైనా రాసింది రాసినట్టు ఆడిద్దామని సారు కోరిక.

చాయ్ తాగి ఇద్దరం బడికి పోయాం. వేదిక మీద నలుగురు కుర్రాళ్లు చచ్చి పడున్నారు. సారు చీపురుపుల్లతో వాళ్ల మధ్య తిరుగుతున్నాడు. జుట్టు పలచబడింది గాని పుల్ల అదే. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. చీర తీసిస్తే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"లచ్చవ్వకు చెప్పినవా? హారతి వద్దంటే కోపానికొచ్చిందా?"

బస్సులో వస్తూ నాలుగు రకాలుగా అనుకున్నాను.

"బాపమ్మ పోయింది సార్. మాఘమాసంల."

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, చెప్పేశాను. చివరి రోజుల్లో మా చిన్నమ్మ ఈ చీర పెట్టెలోంచి తీసి పక్కన పెట్టింది, పోయినప్పుడు కట్టాలని. బాపమ్మ చూసింది. "గది నాకు కట్టకున్రి. గది లేచేటోళ్ల చీర. నేనింక లేవ. సిద్దిపేట పంతులుకియ్యున్రి" అంది. నవ్వుతూనే అంది.

నజీర్ నోరు తెరవలేదు. జన్మలో మొదటిసారి. కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. సుర్మా మండుతోందన్నాడు. అమ్ముకునేవాడికి పెట్టుకోవడం రాదా?

"మీరు కవి రాసినట్టే ఆడిపియ్యున్రి సార్" అన్నాను. మనసారానే అన్నాను. ఐదేళ్లు ఆయన మా మాట చెల్లించాడు, ఈ ఒక్క ఏడు ఆయనది ఆయనకు దక్కాలి.

సారు చీర మడత విప్పి అంచు చూస్తున్నాడు. గొల్లభామలు కుండలెత్తుకుని వరసగా నిలబడి ఉన్నారు. వేదిక మీద శవాలు కదలడం లేదు, మంచి శిక్షణ. చివరకు వాళ్లలో రాణి వేషం పిల్లవాడు కళ్లు తెరవకుండానే అడిగాడు, "సార్, గిప్పుడు లేవాల్నా, వద్దా?"

సారు చేతిలోని చీపురుపుల్లను రెండుగా విరిచి పారేశాడు.

"భూపతీ, హారతి పట్టుడు నీకొస్తదా?"

"ముందు రాజును లేపాలె సార్. తర్వాతనే రాణి."

"ఎరికే" అన్నాడు సారు. వేదిక దిక్కు తిరిగి, గొంతు సరిచేసుకున్నాడు. "లేవున్రి బిడ్డా. అందరు లేవున్రి. మంగళం నేర్పుత."