ఒంటికాలి పులి

అప్పలస్వామి ఇంకా జల్లెడ పడుతూనే ఉన్నాడు. బాట వెడల్పంతా, పది అడుగుల పొడవున మెత్తటి మట్టి పరవాలి. గులకరాయి కనిపించకూడదు, ఎండుటాకు మిగలకూడదు. పరిచాక చీపురుతో నునుపు చేయాలి. ఆ దారిన నడిచిన జంతువు ఏదైనా దాని అడుగు అచ్చుపడి దొరకాలి. పాతికేళ్లుగా అతని ఉద్యోగం ఇదే. దినకూలి వాచర్. జల్లెడ బరువుకి కుడి భుజం కిందికి జారింది, మోకాళ్ల మీద నల్లటి కాయలు కాచాయి. అరవై నిండబోతున్నా ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు.

బిలాస్‌పూర్ నుంచి బస్సులో గంటన్నర. కొండలు దిగి నేల చదునయ్యే చోట ఉంది ఆ పులుల పార్కు. గేటు దగ్గర ‘రాజధానికి చేరువలో పులుల రాజ్యం’ అని హిందీలో పెద్ద బోర్డు. బోర్డు మీద పులి ఉంది, అడవిలో లేదు. ఎనిమిదేళ్లుగా లేదు. ఆ సంగతి తెలిసి ఇంకా బతికున్నవాళ్లు ఇద్దరే. ఒకడు అప్పలస్వామి, రెండోవాడు పార్కు పెద్దసాబ్ వేణుగోపాల్.

అప్పలస్వామి గోనెసంచి విప్పాడు. అందులో నాలుగు ప్లాస్టర్ కాళ్లు. ఆడపులి బతికున్న రోజుల్లో దాని అడుగుల్లో ప్లాస్టర్ పోసి తమ్ముడు శివాజీ తీసిన అచ్చులవి. ముందుకాళ్లు గుండ్రంగా, వెనకకాళ్లు కాస్త కోలగా ఉంటాయి. పొడవాటి వేలు ఎటు పక్కనుందో చూసి కుడో ఎడమో చెప్పేవాడు శివాజీ. వేణుగోపాల్ హుకుం ప్రకారం ఎనిమిదేళ్లుగా ఆ నాలుగింటినీ వరస తప్పకుండా మట్టిలో ఒత్తుతున్నాడు అప్పలస్వామి. జీపుల్లో వచ్చిన జనం దిగి, ఫోటోలు తీసుకుని, పులి తప్పించుకుపోయిందని మురిసిపోతారు.

ఈరోజు అతను సంచిలోంచి ఒక్క కాలే తీశాడు. ఎడమ వెనక కాలు. పరిచిన మట్టి పట్టీ పొడవునా అదే ఒత్తాడు. వాగు ఒడ్డున తడిమట్టిలో కూడా ఇరవై అడుగులు అదే.

వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి బిలాస్‌పూర్ లోకోషెడ్‌లో ఖలాసీగా చేశాడు. కొడుకులిద్దరికీ రైల్వేలో పని దొరకలేదు, అడవిలో దొరికింది. వేణుగోపాల్ బదిలీ మీద వచ్చిన రోజున వీళ్ల తెలుగు మాట విని, “అచ్ఛా, మీరు మనోళ్లేనా?” అన్నాడు. ఆ ఒక్కమాటకి అన్నదమ్ములు ఎంత పొంగిపోయారో చెప్పలేం. అప్పలస్వామి భార్య చిన్నమ్మి ఎండురొయ్యల కూర వండి బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లోని ఇంటి నుంచి గిన్నెతో పంపింది.

అందుకే, పందుల కోసం పొలంగట్టున ఎవరో లాగిన కరెంటు తీగకి తగులుకుని పులి చచ్చిపడి ఉండటం చూసినప్పుడు, శివాజీ బీటు గార్డుకి చెప్పలేదు, రిజిస్టరులో రాయించలేదు. “మన తెలుగు బాబున్నాడు కదా, ముందు ఆయనకి సెప్పాల” అని నేరుగా బంగళాకి పరిగెత్తాడు. ముందు కాల్చేయమని, రిపోర్టు తర్వాత తానే రాస్తానని వేణుగోపాల్ అన్నాడు. మధ్యాహ్నానికల్లా పులి బూడిదైంది. అన్నదమ్ములే కట్టెలు మోశారు. రిపోర్టు ఎప్పుడు రాస్తారు బాబూ అని శివాజీ మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడిగేలోపు అతని మంచం కింద జింకచర్మం దొరికింది. రెండేళ్లు జైల్లో ఉండి, దగ్గుతో తిరిగొచ్చి, ఆ వానాకాలంలోనే పోయాడు. పాడె మోయడానికి వచ్చినవాళ్లు కూడా చర్మాల దొంగ అనే గుసగుసలాడుకున్నారు.

అప్పలస్వామి అప్పుడు నోరు విప్పలేదు. ఇల్లు గడవాలి కదా అనుకున్నాడు. నిజానికి భయపడ్డాడు. ఆ భయం మీద ఎంత అసహ్యం ఉందో వేణుగోపాల్ మీద అంత పగ ఉంది. రెండింటినీ సమానంగా మేపాడు.

ఏడింటికి జీపు వచ్చింది. వేణుగోపాల్ దిగకుండానే తల బయటపెట్టాడు.

“నాలుగు కాళ్లు మంచిగ పడ్డయా?”

“పడ్డాయి బాబూ.”

“ఇయ్యాల పరేషాన్ చెయ్యకు. పులిని చూడనీకి వచ్చిన మేడం సంతకం పెడితే నాకు రాజధానిల పోస్టు.”

పెద్దసాబ్ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మోకాళ్ల మీద వంగి అడుగు చూడలేదు. అప్పలస్వామి నమ్ముకున్నది దాన్నే.

పులి ఉందో లేదో తేల్చడానికి వెనక జీపులో వచ్చిన తెలుగు శాస్త్రవేత్త పేరు ఝాన్సీ. సన్నగా ఉంది, బూట్లకి బురద అంటినా పట్టించుకోలేదు. మట్టి పక్కన మోకరిల్లి మొదటి అడుగు కొలిచింది, రెండోది కొలిచింది, ఐదోదాని దగ్గర టేపు చుట్టేసింది. వాగు ఒడ్డుకి కూడా వెళ్లి చూసి వచ్చింది.

“వేణుగోపాల్‌గారూ, మీ పులి ఒంటికాలి మీద గెంతుతోందా?”

వేణుగోపాల్ అప్పుడు వంగి చూశాడు. “వాచర్ ఏదో తాగి...” అని మొదలుపెట్టాడు.

“తాగనేదమ్మా” అన్నాడు అప్పలస్వామి. సంచి తెచ్చి ఆమె ముందు బోర్లించాడు. “ఇన్నాళ్లూ నాలుగూ యేసినాను. ఇయాల మీకు కనబడాలని ఒకటే యేసినాను.”

“మరి పులి?”

“సచ్చిపోనాది. కరెంటు తీగ తగిలి. మా తమ్ముడు శివాజీ సూసినాడు, ఈ బాబుకి సెప్పినాడు. దానికే జైలుకి పంపినారు.”

కాల్చి పూడ్చిన చోటు చూపించాడు. మోకాటి లోతు తవ్వేసరికి దవడ ముక్క, దానికి రెండు కోరలు బయటపడ్డాయి. ఝాన్సీ వాటిని కవర్లో పెట్టి, కాగితం తీసి అతను చెప్పిందంతా రాసుకుంది.

“మీమీద కూడా కేసు పడుతుంది పెద్దాయనా.”

“పడనీయండి. మా తమ్ముడి పేరు రాసినారా? పెద్ద అచ్చరాలతో రాయండమ్మా.”

ఆమె శివాజీ పేరు దిద్ది చూపించింది. అతను వేలిముద్ర వేశాడు.

ఆమె ఫోను మాట్లాడటానికి గేటు వైపు వెళ్లగానే, వేణుగోపాల్ అతన్ని బంగళా వరండాలోకి పిలిచాడు. స్వయంగా లోపలికి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాచాడు.

“అప్పలస్వామన్నా, కూసో. చాయ్ తాగు. ఆ కాగితం సంగతి మనం మాట్లాడుకుందాం. మనం మనం తెలుగోళ్లం.”

అప్పలస్వామికి జాలి కలగలేదు. గ్లాసు చాచిన ఆ చేతుల్ని కరువుతీరా చూశాడు. ఎన్నేళ్లకో ఆకలి తీరినట్టయింది.

“శివాజీ కూడా అలగే అనుకున్నాడు బాబూ” అన్నాడు.

ఖాకీ చొక్కా విప్పి మెట్టు మీద పెట్టి, బనీనుతోనే రోడ్డు వైపు నడిచాడు. బిలాస్‌పూర్ బస్సు ఆగింది, ఎక్కాడు, వెనక్కి తిరిగి చూడలేదు. వరండా పిట్టగోడ మీద చాయ్ గ్లాసు నిండుగా ఉంది, మీగడ కట్టింది, అంచు మీద ఒక ఈగ వాలింది.